ఊడ్పుల ముఠా మిషనెక్కిన ఏడాది

మా అమ్మ వరి నాట్లు వేసే ఊడ్పుల ముఠాకు మేస్త్రి. సార్వా పంట మొదలై కాలవకు నీళ్లొచ్చాయంటే రైతులు మా ఇంటి ముందుకొచ్చి నిలబడేవారు. "ఎల్లుండి మా చేలో దింపుతావా అమ్మా ముఠాని?" అని అడిగేవారు. అమ్మ వెంటనే ఒప్పుకునేది కాదు. చేను దున్ని బురద చేసే దమ్ము ఎప్పుడు చేశారు, ఆకుమడి వేసి ఎన్ని రోజులైంది, చేలో నీరెంతుంది అని ఒక్కొక్కటే అడిగేది. అన్నిటికీ జవాబు విన్నాకే "ఆయ్, అలాగేనండి" అనేది. ఆ ఒక్క మాట మీద ఇరవై మంది ఆడవాళ్లు తెల్లారేసరికి చీరలు ఎగ్గట్టుకుని బయలుదేరేవారు.

బడి తెరిచేలోపు నేనూ ఆకుతీతకు వెళ్లేదాన్ని. ఆకుమడిలోంచి వరి నారు పీకి, వేళ్ల మట్టి కడిగి, కట్టలు కట్టాలి. నా చేతికి వేగం లేదు. "ఇదేం కట్టే, జడ అల్లుతున్నావా?" అని అమ్మ అరిచేది. ముఠా అంతా నవ్వేది. నాకు కోపం వచ్చేది కాని, మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రైతు చేలో ఓ మూల వరి తుప్పు పట్టినట్టు ఎర్రబడింది. వ్యవసాయ ఆఫీసరు జీపులో వచ్చి గట్టు మీద నిలబడి, ఎన్నాళ్లుగా ఇలా ఉందని రైతును అడిగాడు. ఈమధ్యేనని రైతు చెప్పాడు. పక్క చేలో కలుపు తీస్తున్న మా అమ్మకు ఆ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. సాయంత్రం ఇంటికి నడుస్తుంటే అంది:

"ఆ మూల మురుగు దిగదు. ఏటా ఎర్రబడతానే ఉంటది. ఈమధ్యనంట!"

"మరి నువ్వు చెప్పొచ్చు కదమ్మా?"

"చేను ఆయనది, జీపు ఈయనది. మధ్యలో నేనెవర్ని?"

అమ్మ అది బాధపడుతూ అనలేదు. మామూలుగా అనేసి, చెరువు గట్టు దాటి ముందుకు నడిచింది. కాని ఆ రాత్రంతా నాకు ఆ మాటే చెవిలో మోగింది. పదో తరగతి పాసయ్యాక వ్యవసాయ డిప్లొమా చదువుతానని పట్టుబట్టాను. మా పేటలో కాస్త మార్కులొచ్చిన ఆడపిల్లంటే నర్సింగుకే వెళ్లేది. చర్చి పక్క బడిలో అటెండరుగా చేసే మా నాన్న అయోమయంగా చూశాడు. "మీ అమ్మ చేసే పనే కదే, దానికి మళ్లీ చదువేంటి?" అన్నాడు. అమ్మే సర్దిచెప్పింది. "జీపులో వచ్చేవాళ్లు ఏం చదువుతారో, ఇదీ అదే చదువుకోనివ్వండి" అంది.

సామర్లకోటలో రైలు దిగి బస్సు పట్టుకుని వెళ్లే కాలేజీ. రెండేళ్లు చదివాను. మా క్లాసులో ఆడపిల్లలమే ఎక్కువ. కాని చదువయ్యాక పొలాల్లో ఉద్యోగాలు చేసేది మాత్రం ఎక్కువగా మగపిల్లలే అని సీనియర్లు చెప్పేవారు. ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు, ఎండ, బురద, మగవాళ్ల మధ్య తిరగడం. నాకా బెంగ లేదు. బురద మా ఇంట్లోంచే వచ్చింది.

పరీక్ష రాసి, మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి సచివాలయంలో వ్యవసాయ అసిస్టెంటుగా చేరాను. మా ఊరి చేలూ దాని కిందికే వస్తాయి. మొదటి వారం ఒక పెద్దాయన వచ్చి, "సార్ ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు.

"నేనేనండి."

"నువ్వు రాసుకునే అమ్మాయివి. చేలు చూసేవారెవరని?"

"అదీ నేనేనండి."

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. వెళ్లాక నేను పుస్తకం మూసేసి, స్కూటీ తీసుకుని పొలాలకేసి వెళ్లాను. ఆ రోజు నుంచి గట్టు మీద నిలబడి మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాను. చెప్పులు గట్టున వదిలేసి, చుడీదారు పైకి మడిచి చేలోకి దిగేదాన్ని. ఆ ఏడాది సుడిదోమ తగిలింది. పైనుంచి చూస్తే వరి పచ్చగానే ఉంటుంది. దుబ్బు పక్కకు వంచి మొదలు చూస్తే పురుగు కుప్పలు కుప్పలుగా ఉంటుంది. నేను ఇంటింటికీ తిరిగి నీళ్లు తీసేసి చేలు ఆరబెట్టమని చెప్పాను. విన్నవాళ్ల చేలు నిలిచాయి. విననివాళ్ల చేలలో వరి గుండ్రటి మచ్చలుగా ఎండి పడిపోయింది. రెండో ఏటికల్లా పొద్దున్నే నా ఫోను మోగడం మొదలైంది.

అసలు కథ మూడో ఏట జరిగింది.

ఆ ఏడు కాలవ మీద పనులు జరగడంతో ధవళేశ్వరం నుంచి నీళ్లు ఆలస్యంగా వదిలారు. మాది పిల్లకాలవ చివర ఊరు. మాదాకా వచ్చేసరికి ఇంకో పది రోజులు పట్టింది. దాంతో అందరి చేలూ ఒకే వారంలో ఊడ్పులకు సిద్ధమయ్యాయి. ముఠాలు సరిపోలేదు. మా అమ్మ ముఠాలో అప్పటికి పద్నాలుగు మందే మిగిలారు. వయసులో ఉన్నవాళ్లు కడియం నర్సరీలకు వెళ్లిపోతున్నారు. పొద్దున్నే ఆటో వచ్చి ఎక్కించుకుంటుంది. మొక్కల సంచులు నింపడం, లారీలకెత్తడం, పని ఏడాదంతా ఉంటుంది, రోజంతా నడుం వంచి ఉండక్కర్లేదు. మిగిలినవాళ్లు ఒకరిద్దరు తప్ప నలభై దాటినవాళ్లు. మా అమ్మ నడుముకు బెల్టు కట్టుకుని చేలో దిగుతోంది.

ఇలా అవుతుందని నీళ్లు రాకముందే తెలిసి రైతులంతా ఆఫీసుకొచ్చారు. నాట్లు వేసే మిషన్ ప్రభుత్వ సాయంతో ఇస్తున్నారట, కావాలన్నారు. నేను మండలంలో కనుక్కున్నాను. ఏదో ఒక సంఘం పేరున దరఖాస్తు పెట్టాలి. ఊళ్లో పెద్ద రైతు ఒకాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, "మా రైతుల సంఘం పేరున రాసెయ్యమ్మా. ఈ ముఠాల వెనక తిరిగే బాధ తప్పుద్ది" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"ఆ మిషను ఎంతమంది పని చేస్తది?"

"ముఠా మొత్తం చేసే పని చేస్తుందమ్మా."

"దాన్ని ఊళ్లోకి తెచ్చేది నువ్వు."

"నేను తేకపోయినా వస్తుంది."

"వస్తే రానీ. నీ చేత్తో ఎందుకు రావాల? మా నోట్లో మట్టి కొట్టడానికా నిన్ను చదివించింది?"

కంచం పక్కకు పెట్టి లేచిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. టిఫిన్ బాక్సు మాత్రం సర్ది గుమ్మం దగ్గర పెట్టేది.

ఆ మూడు రోజులూ దరఖాస్తు కాగితం నా బల్ల మీదే ఉంది. సంఘం పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉంది. రైతుల పేరు రాస్తే ఊళ్లో నన్ను పొగుడుతారు, ఆఫీసులోనూ మెచ్చుకుంటారు. అసలు రాయకపోతే వచ్చే ఏడు పక్క ఊరి నుంచి అద్దె మిషన్ ఎలాగూ వస్తుంది. దాన్ని ఆపడం నా వల్ల కాదు. అది ఎవరి చేతికి రావాలన్నదాంట్లో మాత్రం నా మాటకు కాస్త విలువుంది. మూడో రోజు మధ్యాహ్నం ఆ గీత మీద మా అమ్మ ముఠా పేరు రాశాను. ముఠాకు పేరెక్కడిది? "మహిళా ఊడ్పుల సంఘం" అని నేనే పెట్టాను. రాసేశాక తట్టింది. వాళ్లను అడక్కుండానే రాశాను కదా.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లు చర్చి బయట పందిరి కింద కూర్చున్నప్పుడు లేచి నిలబడి విషయం చెప్పాను. మిషన్ మీకే వస్తుంది, నడిపేది మీరే, నారు పెంచేదీ మీరే, రైతులు మిమ్మల్నే పిలవాలి అన్నాను. ఒక్కసారిగా అందరూ మాట్లాడారు.

"పద్నాలుగు మందికీ పనుంటదా దాని మీద?" అని ఒక పిన్ని అడిగింది. అమ్మకు కుడిభుజంలాంటి మనిషి. ముప్పై ఏళ్లుగా వరసలో అమ్మ పక్కనే నాటిన మనిషి.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "మిషన్ మీద ఇద్దరే పిన్నీ. నారు పెంచడానికి, మొయ్యడానికి, మూలలు చేత్తో నాటడానికి ఇంకో ఆరేడుగురు. అందరికీ రోజూ ఉండదు."

"అయితే మిగిలినోళ్లం ఏమైపోవాల?"

ఆ పిన్ని లేచి వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకో ముగ్గురు. మిగిలినవాళ్లు మా అమ్మ వంక చూశారు. అమ్మ మోకాళ్ల మీద చేతులేసుకుని కూర్చుంది. చివరికి, "నేను ఔననను, కాదనను. ఎవరిష్టం వాళ్లది" అంది.

ముఠాలో అందరికంటే చిన్నది ముప్పై ఏళ్ల ఒకామె. పిల్లల్ని స్కూటీ మీద రాజమండ్రి బడికి దింపి వచ్చి పనిలోకి దిగేది. ఆమె లేచి, "బండి నేను నడుపుతానండి" అంది. అక్కడితో మొదలైంది.

మిషన్ వచ్చింది. దాన్ని అప్పగించడానికి వచ్చిన మెకానిక్ ఆడవాళ్లను చూసి, "డ్రైవరెక్కడండి?" అన్నాడు. స్కూటీ ఆమె ముందుకొచ్చింది. ఆయన నావైపు తిరిగి, "మేడమ్ గారూ, బురదలో స్టీరింగు ఆడోళ్లకి కష్టమండి" అన్నాడు. "రోజంతా బురదలో వంగి నడిచేవాళ్లకి కూర్చుని తిప్పడం కష్టమేంటండి?" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాటెత్తలేదు. ఖాళీ చేలో రెండు రోజులు ఓపిగ్గా నేర్పాడు కూడా.

మిషన్‌కి మామూలు ఆకుమడి నారు పనికిరాదు. ప్లాస్టిక్ ట్రేలలో జల్లించిన మట్టి పోసి, నానబెట్టి, గోనెల్లో మూసి మండె కట్టి మొలకెత్తించిన విత్తనం పల్చగా సమానంగా చల్లాలి. పదిహేను రోజులకు వేళ్లన్నీ అల్లుకుని నారు చాపలా లేస్తుంది. ఆ చాపల్ని మిషన్ వెనక పెడితే అది చిన్న చిన్న ముక్కలు తుంచి నాటుతుంది. కళ్లం మీద ట్రేలు పరిచి పని మొదలుపెట్టాం. నాలుగో రోజు పొద్దున్న అమ్మ వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా జల్లెడ అందుకుని మట్టి జల్లించడం మొదలుపెట్టింది. నేనూ ఏమీ అనలేదు. ఏమన్నా అంటే వెళ్లిపోతుందని భయం.

అప్పుడు చేను కోసం వెతుకులాట. మిషన్ కావాలని అడిగిన రైతులెవరూ ముందు చేనివ్వలేదు. "ముందు ఎవరిదన్నా వేసి చూపించండి" అన్నారు. చివరికి ఒకావిడ ఇచ్చారు. భర్తది ధవళేశ్వరంలో ఉద్యోగం; రోజూ పొద్దున వెళ్తే సాయంత్రం వస్తాడు. విత్తనం నుంచి కోత దాకా వ్యవసాయమంతా ఆవిడదే. "కాగితాల మీద మావారి పేరమ్మా. చేలో మాత్రం నాదే పెత్తనం. రెండు చేలున్నాయి, ఒకదాంట్లో వేసి చూడండి" అన్నారు.

మొదటి రోజు మేం ఘోరంగా దెబ్బతిన్నాం.

మిషన్ దిగిన పది గజాలకే చక్రాలు కూరుకుపోయాయి. పైకి లాగి మళ్లీ నడిపితే, ముందు నాటిన మొక్కలు వెనక బురద అలకు తేలిపోయాయి. కొన్ని నారు చాపలు మధ్యలో విరిగాయి, మేం విత్తనం కొన్నిచోట్ల పల్చగా చల్లామని అప్పుడు తెలిసింది. వరసలు వంకరలు పోయాయి. గట్టు మీద జనం పోగయ్యారు. కుర్చీ లాక్కుని మాట్లాడిన పెద్ద రైతు ఫోన్ తీసి వీడియో తీస్తూ, "చూడండి చూడండి, పాము పాకినట్టుంది" అన్నాడు. అందరూ నవ్వారు. స్టీరింగు మీద ఉన్న ఆమె తల దించుకుంది. ఏడిస్తే ఆ వీడియోలో నేనూ ఉంటానని పళ్ల బిగువున నిలబడ్డాను.

అంతదాకా గట్టు మీద కూర్చున్న అమ్మ లేచింది. చీర ఎగ్గట్టి చేలో దిగింది. మడమతో బురద తొక్కి, కాలు తీసి, ఆ గుంట ఎలా పూడుతుందో చూసింది. నీళ్లలా వెంటనే పూడిపోయింది.

"దమ్ము ఎప్పుడు చేశారండి దీన్ని?" అని చేను ఆవిణ్ని అడిగింది.

"నిన్న సాయంత్రమమ్మా."

"అదీ సంగతి. మేమైతే ఇందులో నాటేస్తాం, మాకు చేతివేళ్లకి తెలుసుద్ది. దీనికి బరువుంది, వేళ్లు లేవు. రెండ్రోజులు పేరుకోవాల బురద." నావైపు తిరిగి, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి నిండుగా నా ముఖంలోకి చూసి, "ఈ మాట మీ కాలేజీలో చెప్పలేదేంటే?" అంది.

చెప్పారు. పుస్తకంలో ఒక లైనులో ఉంది కూడా. నేను తేదీలు లెక్కపెట్టాను కాని కాలు పెట్టి చూడలేదు. "నాదే తప్పమ్మా" అన్నాను, గట్టు మీద అందరికీ వినబడేలా.

అమ్మ వంగింది. తేలిన మొక్కలు ఏరి మళ్లీ గుచ్చడం మొదలుపెట్టింది. ఆమె వెనక స్కూటీ ఆమె మిషన్ దిగి వచ్చింది, తర్వాత మిగతావాళ్లు, నేనూ. పొద్దు వాలేసరికి చేను మొత్తం చేత్తో సరిచేశాం. నా నడుం రెండు ముక్కలయినట్టుంది. చేను ఆవిడ గట్టు మీద టీ గ్లాసులతో నిలబడ్డారు. రెండో చేను ఇక ఇవ్వరనే అనుకున్నాం.

"రెండో దాంట్లో రేపు దమ్ము చేయిస్తాను. ఎప్పుడు దింపాలో మీరే వచ్చి చూసి చెప్పండి" అన్నారు అమ్మతో.

ఆ వీడియో రైతుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. మా పై ఆఫీసరుకూ చేరింది. "ఎందుకమ్మా ఈ తలనొప్పి, రైతుల సంఘానికి మార్పించెయ్" అని ఫోనులో అన్నారాయన. "ఇంకొక్క చేను చూడనివ్వండి సార్" అన్నాను. ఆయన సరేనన్నారు.

దమ్ము చేసిన మూడో రోజు పొద్దున్న అమ్మ ఆ చేలో దిగి మడమతో తొక్కింది. గుంట మెల్లగా, పెరుగు సర్దుకున్నట్టు పూడింది. నీళ్లు ఇంకా కాస్త తీయించింది. బాగా అల్లుకున్న చాపలే ఏరి పెట్టించింది. "ఇప్పుడు దింపు" అంది. మిషన్ ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వచ్చింది. వెనక ఆరు వరసలు, తాడు పట్టినట్టు. స్కూటీ ఆమె మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి చూసుకుంది. తర్వాత ఆగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు చేను అయిపోయింది. ఆ రోజు గట్టు మీద ఎవరూ లేరు. నేను ఫొటో తీశాను కాని గ్రూపులో పెట్టలేదు. పిలకలు వేశాక ఆ చేను రోడ్డు మీదికి ఎలాగూ కనిపిస్తుంది.

కనిపించింది. రెండో పంట దాళ్వాకు నారు పొయ్యకముందే వీడియో తీసిన పెద్ద రైతు మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. నన్ను కాదు, అమ్మను అడిగాడు. "మా చేను దమ్ము చేస్తున్నాం. ఎప్పుడు దింపొచ్చో ఓసారి వచ్చి చూస్తావా అమ్మా?"

"దమ్ము అయ్యాక కబురంపండి. వచ్చి చూసి చెప్తానండి" అంది అమ్మ. ఆయన వెళ్లాక నాకేసి చూసి నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ట్రేలు ఇంకెన్ని కావాలో లెక్క వెయ్యమంది.

ఇప్పటికి నాలుగు పంటలయింది. మా ఊరి చుట్టుపక్కల సగం చేలు ఆ మిషన్ మీదే నాటుతున్నారు. లోతట్టు చేలల్లో అది దిగదు, అక్కడ ఇప్పటికీ చేతి ఊడ్పులే. సంఘానికి స్కూటీ ఆమె ప్రెసిడెంటు. మండల మీటింగులకు తనే వెళ్తుంది, కుర్చీ చూపించకపోతే తనే తెచ్చుకుని వేసుకుంటుంది. పక్క ఊళ్ల నుంచి నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లకు బురద చూడడం అమ్మ నేర్పుతోంది. ఆవిడ నడుముకు ఇంకా బెల్టు ఉంది. కాని వంగే రోజులు తగ్గాయి.

అంతా బాగుందని రాయలేను. ఆ రోజు పందిరి కింద నుంచి లేచి వెళ్లిన పిన్ని మళ్లీ ముఠాలోకి రాలేదు. కడియం నర్సరీకి వెళ్తోంది. చర్చిలో ఎదురుపడితే అమ్మతో మాట్లాడుతుంది, నన్ను చూస్తే తల తిప్పుకుంటుంది. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చింది, మాట మాత్రం కలపలేదు. ఆమె కోపం తప్పని నేననుకోను. అందరికీ పనుంటుందని నేను చెప్పలేకపోయాను, పని లేకుండా పోయినవాళ్లలో ఆమె ఒకరు. మళ్లీ వెళ్తాను.

ఈ వేసవిలో నన్ను సముద్రం దగ్గరి ఊరికి బదిలీ చేశారు. అక్కడి నేల ఉప్పునేల, పద్ధతులు వేరు. చేరిన రెండో రోజు, కొబ్బరితోట పక్కన నారు పీకుతున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. అందులో పెద్దావిడ నడుం నిలబెట్టి నన్ను ఎగాదిగా చూసి, "మిషను తెచ్చే అమ్మాయివంట కదా నువ్వు. మా పనులు పోతాయంటన్నారు, నిజమేనా?" అని అడిగింది.

"కొందరికి పోతాయండి" అన్నాను. "ఎవరికి పోతాయో, వాళ్లకేం చెయ్యాలో ముందే కూర్చుని మాట్లాడుకుందాం. ఈసారి ఏ కాగితమూ మీరు లేకుండా రాయను."

ఆవిడ పక్కకు జరిగి చోటిచ్చింది. నేను చెప్పులు గట్టున వదిలి ఆకుమడిలో దిగాను. నా చేతికి ఇప్పటికీ వేగం లేదు.